గొంగడి కింద వెలిగిన రాయి

ఉదయగిరి వెళ్లొచ్చానని చెబితే నెల్లూరులో ప్రతివాళ్లూ ముందు అడిగేది కోట ఎక్కావా అని. ఎక్కలేదు. కొండను కిందనుంచే చూసి దణ్ణం పెట్టుకున్నాను. నా మోకాళ్లు అంతకు మించి ఒప్పుకోలేదు. నేను వెళ్లింది ఒక రాయిని చూడటానికి. చూశాను. దాని గురించి ఒక తప్పు మాట చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి రెండు రోజుల్లో అదే దారిన మళ్లీ వెళ్లాను. మెట్ట ఊళ్లు చూడనివాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

నేను కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతూ లాబొరేటరీ చూసుకునేవాణ్ణి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో మాకో దీపం వచ్చింది. పేరుకు దీపమే గాని దాని వెలుగులో అక్షరం కనపడదు. నల్లగాజులోంచి వచ్చే అతినీలలోహిత కాంతి మన కంటికి ఆనదు. చీకట్లో ఆ కాంతి పడితే మాత్రం కొన్ని రాళ్లు తమంతట తామే వెలుగుతాయి. అంతసేపూ సున్నపు ముక్కలా ఉన్నది ఉన్నట్టుండి రంగు తిరుగుతుంది. దీపం ఆర్పగానే మళ్లీ సున్నపు ముక్కే. నా దగ్గర పూనా కొండల్లో దొరికిన జియోలైటు ఒకటి ఉండేది, తెల్లటి రేకుల రాయి. దీపం కింద లేత ఆకుపచ్చగా వెలిగేది. అలా వెలిగితే రాతిలో యురేనియం జాడ ఉండవచ్చని చదివాను. దాన్ని దూదిలో చుట్టి, ముక్కుపొడి డబ్బాలో పెట్టుకుని, కొత్త అల్లుడు ఉంగరం చూపించినట్టు కనపడ్డవాళ్లందరికీ చూపించేవాణ్ణి.

ఉదయగిరిలో బడిపంతులుగా ఉన్న నా పాత శిష్యుడు దేవదానం జాబు రాశాడు. వాళ్ల సొంత ఊళ్లో కొండయ్య అనే రైతు బావి తవ్విస్తుంటే నల్లరాతి సందుల్లో తెల్లటి రేకుల రాయి పడిందట. ఇలాంటి రాళ్ల కోసం ప్రభుత్వం వెతుకుతోందని ఎవరో పేపరు చదివి చెప్పారట. అప్పట్నుంచీ కొండయ్యకు తవ్వడం మీద మనసు లేదట. దీపం తెచ్చి అవునో కాదో తేల్చమని దేవదానం కోరిక. ఎండలు ముదిరేలోగా ఆ బావిలో నీళ్లు పడకపోతే కొండయ్య పెట్టుకున్న నలభై నిమ్మ మొక్కలూ పోతాయని చివర ఇంకో వాక్యం ఉంది. నేను రాయి సంగతి చదివి బయల్దేరాను. నిమ్మ మొక్కల వాక్యం నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఆత్మకూరు

నెల్లూరు నుంచి సంగం దాకా బస్సు కిటికీ నిండా పచ్చదనమే. కాలవలు, వరి మళ్లు, కొంగలు. అది దాటాక నేల రంగు మారుతూ వచ్చింది. ఆత్మకూరులో దిగేసరికి నా తెల్లచొక్కా కూడా మారింది. బస్సులు ఆగే చోట ఒక హోటల్లో అణాకి రెండు ఇడ్లీలు, నెల్లూరు ఇడ్లీకంటే అర అంగుళం పెద్దవి. చట్నీ ఒక్క వేలితో నాకి చూసి, తర్వాత ఇడ్లీలు ఒట్టివే తిన్నాను. పక్కన కూర్చున్న లారీ డ్రైవరు నా ఆకులో మిగిలిన చట్నీకేసి జాలిగా చూశాడు.

మా మామగారికి ధాన్యం వ్యాపారంలో తెలిసిన సెట్టిగారింట్లో దిగాను. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో చీకటి కొట్టు. ఆ కొట్లో చెనక్కాయలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు గోనెల్లో గోడెత్తున ఉన్నాయి. గడపలోనే మూడుసార్లు తుమ్మాను. మా ఇంటికొచ్చిన వాళ్లంతా ముందు తుమ్మి తర్వాతే పలకరిస్తారని సెట్టెమ్మగారు నవ్వి మంచినీళ్లిచ్చారు. దీపం చూపించమని దంపతులిద్దరూ పట్టుబట్టారు. పెట్టెలోని బ్యాటరీలు ఎన్నాళ్లు పనిచేస్తాయో నాకే తెలీదు. తిరిగొచ్చేటప్పుడు తప్పకుండా చూపిస్తానని మాటిచ్చాను.

ఉదయగిరి

మర్నాటి బస్సులో నా పక్క సీటుకు టిక్కెట్టు లేని మేకపిల్ల వచ్చింది. మర్రిపాడు దాటేదాకా నా ధోవతి అంచు నములుతూనే ఉంది. గొర్రెల మందలు రోడ్డు దాటేదాకా డ్రైవరు బీడీ కాల్చుకుంటూ ఆగేవాడు. మా వైపు డ్రైవరయితే ఈపాటికి హారను అరగదీసేవాడు.

ఉదయగిరి వీధిలో ఒక ముసలి సాయిబు కొండచెక్కతో గరిటెలు చెక్కుతున్నాడు. రెండణాలకు ఒకటి. మూడు తీసుకుంటే తగ్గిస్తావా అంటే, మూడు చెయ్యడానికి నాకు పని తగ్గుతుందా అని అడిగాడు. ఆరణాలూ ఇచ్చేశాను. ఆ గరిటెలు ఇప్పటికీ మా వంటింట్లో ఉన్నాయి.

దేవదానం ఇంట్లో కొర్రన్నం, చెనక్కాయల పచ్చడి పెట్టారు. మొలకొలుకుల బియ్యం తప్ప ఎరగని నా నోటికి కొర్రన్నం మొదటి ముద్ద ఇసుకలా తగిలింది, నాలుగో ముద్దకు రుచి తెలిసింది. భోజనం కాగానే అతను ఒక బుట్ట ముందు పెట్టాడు. కొండయ్య బావిలోంచి వచ్చిన తెల్లరాయి ఒకటీ, బడిపిల్లలు ఏరుకొచ్చిన రాళ్లు కొన్నీ. పట్టపగలు చీకటి ఎక్కడ దొరుకుతుంది? పొరుగింటి గొర్రెలకాపరి దగ్గర నల్లటి గొంగడి అరువు తెచ్చాం. తలుపులు మూసి, ఇద్దరం బుట్టతో సహా దాని కింద దూరాం. మా ఇంట్లో దుప్పటి కప్పుకుని ఈ పని చేసేవాణ్ణి గాని, దుప్పట్లోంచి వెలుతురు కారుతుంది. గొంగడిలోంచి గాలి కూడా రాదు.

దీపం వేశాను. బావి రాయి నల్లగా ఉండిపోయింది. మిగతావీ అంతే. బుట్ట మూల మాత్రం ఒకటి పచ్చగా ధగధగలాడింది. దేవదానం దొరికిందంటూ చెయ్యి చాపాడు. ఆ రాయి తోక ఎత్తింది. గొంగడి ఎటుపోయిందో, మేం ఎటుపోయామో, తేరుకునేసరికి ఇద్దరం వీధరుగు మీద ఉన్నాం. తేలు ఈ దీపం కింద వెలుగుతుందని నేనెక్కడా చదవలేదు. రాయి కానివి కూడా వెలుగుతాయని ఆ తేలు నాకు ఆ రోజే చెప్పింది. నేను వినలేదు.

ఏడు మట్ల బావి

మర్నాడు ఎద్దుబండి మాట్లాడుకుని దేవదానం, నేను వాళ్ల ఊరికి బయల్దేరాం. సీతారామపురం ఇంకా రెండు మూడు మైళ్లుందనగా బండి కుడికి తిరిగింది. ఊళ్లో యాభై గడపలుంటాయి. కొండయ్య నలభై ఏళ్ల మనిషి, మాటకు ముందు గొంతు సవరించుకునే అలవాటు. ఇంట్లో భార్య సుబ్బమ్మ, తల్లి. తల్లిని ఊరంతా అవ్వా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను.

సుబ్బమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. బిందె పక్కన చెంబు పెట్టింది. నేను మా ఇంటి అలవాటు కొద్దీ మెట్టు మీద నిలబడి, దుమ్మంతా పోయేదాకా నాలుగు చెంబులు కుమ్మరించాను. ఆమె తడిసిన మెట్టుకేసి చూసింది. తర్వాత దేవదానం చెవిలో చెప్పాడు. ఆ నీళ్లు మైలు దూరం నుంచి నెత్తిన వస్తాయట. ఇక్కడ ఎవరైనా ఏదో ఒక మొక్క మొదట్లో నిలబడే కాళ్లు కడుక్కుంటారట. నేను మెట్టుకు పోసింది రెండు నిమ్మ మొక్కల నీళ్లు. సిగ్గేసింది.

బావి చేను మధ్యలో ఉంది. ఇక్కడ లోతు మట్లలో చెబుతారు, మనిషి నిలువెత్తు ఒక మట్టు. ఏడు మట్లు దిగారు. చుట్టూ నలభై నిమ్మ మొక్కలు మోకాలెత్తున, ఒక్కోదానికి కంప చుట్టి ఉన్నాయి. బావి తవ్వే మేస్త్రీ, అతని మనుషులు గుడిసెలు వేసుకుని ఖాళీగా కూర్చున్నారు. ఇంకో రెండు మట్లలో జల పడుతుందని మేస్త్రీ లెక్క. సోమవారం దాకా ఆగుతామని, ఈలోగా తవ్వమంటే తవ్వుతామని, లేకపోతే వరికుంటపాడులో ఒప్పుకున్న బావికి వెళ్లిపోతామని చెప్పాడు. అప్పుడది శనివారం.

అవ్వ దేవుడి గూట్లోంచి రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. బావిలో మొదట పడిన రాయి అదేనట. నేను వస్తున్నానని కుంకుడు రసంతో, చింతపండుతో తోమి తోమి కడిగిందట. ముత్యంలా ఉంది. ఎంత శుభ్రంగా ఉంచావవ్వా అని మెచ్చుకున్నాను కూడా.

ముందు చిన్న పలుకు విరిచి గాజు గొట్టంలో వేసి పొయ్యి మీద కాల్చాను. పలుకు అప్పడంలా పొంగింది. గొట్టం పైభాగాన నీటి బొట్లు పట్టాయి. జియోలైటు గుణమే అది, తనలో నీళ్లు దాచుకుంటుంది. అవ్వ ఆ బొట్లకేసి చాలాసేపు చూసింది.

"రాయికి నీళ్లుండాయి. మాకే లేవు," అంది.

తర్వాత గొంగడి. కొండయ్య, దేవదానం, నేను లోపల. అవ్వ బయట నిలబడి అంచులు నేలకు నొక్కి పట్టింది. దీపం వేశాను. రాతి రేకుల మధ్యనుంచి ఆకుపచ్చ కలిసిన వెలుగు సన్నటి గీతలుగా లేచింది. ముక్కుపొడి డబ్బా తెరిచి పూనా రాయిని పక్కన పెట్టాను. రెండూ ఒకే తల్లి బిడ్డల్లా వెలిగాయి. కొండయ్య రాళ్ల మీదికి వంగాడు.

"ఉండాది కొండయ్యా," అన్నాను.

కావచ్చు అనాల్సిన చోట ఉండాది అన్నాను. అక్కడితో ఆగానా? ముక్కను పరీక్షకు మద్రాసు పంపిస్తాను, జవాబు వచ్చేదాకా బావిలో గడ్డపార వెయ్యొద్దు, మందు పెట్టి పేల్చొద్దు అని కూడా చెప్పాను. దేవదానం మెల్లగా ఒక సందేహం అడిగాడు. తన దగ్గరున్న రాయీ, ఇదీ ఒకే రోజు ఒకే బుట్టలో పైకొచ్చాయి గదా, అది ఎందుకు వెలగలేదని. ఒకే చారలో కూడా రాయికీ రాయికీ తేడా ఉంటుందని గురువు హోదాలో కసిరాను. అతను నోరు మూసుకున్నాడు. క్లాసులో కూడా నేను వాణ్ణి ఇలాగే మూయించి ఉంటాను.

కొండయ్య అప్పటికప్పుడే బావి చుట్టూ కంప వేయించాడు. ఈ నేల ప్రభుత్వమే తీసుకుంటుంది, ఇంకా మొక్కలకు నీళ్లెందుకని భార్యతో అన్నాడు. సుబ్బమ్మ నాకేసి ఒకసారి చూసి, బిందె ఎత్తుకుని నీళ్లకు వెళ్లిపోయింది.

మళ్లీ ఆత్మకూరు

ఆదివారం మధ్యాహ్నం సెట్టిగారింటికి చేరాను. మాటిచ్చాను కాబట్టి దీపం పెట్టె విప్పాను. చీకటి కోసం గొంగడి అక్కర్లేదు, కొట్టు ఉందన్నారు సెట్టిగారు. తలుపు మూసి, కిటికీకి గోనె అడ్డం పెట్టారు.

దీపం వేసేసరికి కొట్టంతా వెలిగింది. నేల, గోనెల కుట్లు, తక్కెడ పళ్లేలు, సెట్టిగారి వేళ్ల సందులు. సెట్టెమ్మగారి పాదాలు రెండూ ఆ చీకట్లో వాటంతట అవే నిలబడ్డట్టు కనపడ్డాయి. ఆమె మెడలోని తాడు కూడా. అంతటా అదే ఆకుపచ్చ కలిసిన వెలుగు. ఆ దంపతులు చిన్నపిల్లల్లా మురిసిపోయారు.

ఇదంతా ఏంది అయ్యవారా అని సెట్టిగారు అడిగారు. పసుపు అన్నాను. అని కూలబడ్డాను.

సంచిలో దేవదానం ఇచ్చిన రాయి ఉంది, వెలగనిది. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి అందులో వేశాను. కాసేపాగి తీసి, సెట్టెమ్మగారి చేత కుంకుడు రసంతో తెల్లగా అయ్యేదాకా కడిగించాను. బయట ఎండలో చూస్తే మచ్చలేదు. కొట్లో దీపం కింద పెడితే రేకుల సందుల్లో సన్నటి గీతలు వెలిగాయి. అవ్వ రాయి వెలిగినట్టే.

దేవుడి గూట్లో ఉన్న రాయికి పసుపు పూయకుండా ఎవరుంటారు? దేవదానం ఇంట్లో దేవుడి గూడు లేదు, ఆ రాయికి పసుపు తగల్లేదు, అందుకే అది నిజం చెప్పింది. మా అమ్మ కూడా కొత్త రోలుకు, కొత్త చేటకు, ఆఖరికి నేను కొనుక్కున్న సైకిలుకు కూడా పసుపు రాసేది. అలాంటి ఇంట్లో పుట్టి, ఆ సంగతి తోచని నా చదువు మీద నాకే కోపం వచ్చింది.

జాబు రాసి పడెయ్యమన్నారు సెట్టిగారు. జాబు ఆ ఊరు చేరడానికి నాలుగు రోజులు. మేస్త్రీ రేపే వెళ్లిపోతాడు. అతను వెళ్తే మళ్లీ దొరికేది ఎప్పుడో, అప్పటికి నిమ్మ మొక్కల సంగతి ఏమిటో నాకు ఇప్పుడు బాగానే తెలుసు. నెల్లూరు బస్సు తెల్లవారే ఉంది. ఎక్కితే కాలేజీలో నా మర్యాద నాకుంటుంది. ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు, కాని తెల్లవారాక ఎక్కింది మాత్రం ఉదయగిరి బస్సే.

వచ్చిన దారినే

దేవదానాన్ని బళ్లోంచి బయటికి పిలిచి, నీ సందేహమే రైటు అని చెప్పాను. అతను గెలిచినట్టు నవ్వలేదు. సెలవు చీటీ రాసి సైకిలు తెచ్చాడు. ఒళ్లో దీపం పెట్టెతో నేను వెనక కూర్చున్నాను. ఆ మైళ్లన్నీ నా నడుము ఇప్పటికీ లెక్కపెట్టి చెప్పగలదు. రెండు చోట్ల ఎదురెత్తులో నేను దిగి నడిచాను, ఒక చోట ఇద్దరం పడ్డాం. పెట్టె నా పొట్ట మీద పడటం వల్ల దీపానికి ఏమీ కాలేదు.

మేం చేరేసరికి మేస్త్రీ గాడిదల మీద సామాను సగం ఎక్కించేశాడు. కొండయ్య ఎదురొచ్చాడు. ప్రభుత్వం దగ్గర్నుంచి ఇంత తొందరగా కబురొచ్చిందా అన్నట్టుంది ముఖం.

"నేను చెప్పింది తప్పు కొండయ్యా. వెలిగింది రాయి కాదు. అవ్వ పూసిన పసుపు."

అతను గొంతు సవరించుకున్నాడు. నమ్మకం కోసం మళ్లీ గొంగడి తెప్పించాను. ఈసారి అవ్వను కూడా లోపలికి రమ్మన్నాను. దీపం ముందు ఆమె చెయ్యి పెట్టమన్నాను, పక్కన రాయి పెట్టాను. పసుపు నూరి నూరి గట్టిపడిన ఆ అరచెయ్యి గీతలతో సహా వెలిగింది. రాయి దానిముందు వెలవెలబోయింది.

"అయితే నేను పూసిందే నీకు అగుపడినాదా నాయనా?" అంది అవ్వ.

"అవునవ్వా."

"ఎంత తోమినానో," అంది చిన్నబోయి.

తప్పు నీది కాదవ్వా అని చెప్పాను. ఆ రాయి ఇచ్చిందల్లా తాగే రకం. దానికి ఏమేం చేశారో ముందు అడగాల్సింది నేను. అడక్కుండా నా దీపాన్నీ నన్నూ నమ్ముకున్నాను. ఇది చెబుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. గొంగడి కింద ఉండటం మంచిదైంది.

బయటికొచ్చాక కొండయ్య బావి గట్టు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా పడాల్సిందే.

"జాబు రాసుంటే సరిపోయేది గదా అయ్యవారా. ఇంత ఎండలో వచ్చినారే," అన్నాడు.

"జాబు వచ్చేసరికి మేస్త్రీ వరికుంటపాడులో ఉంటాడు," అన్నాను.

కొండయ్య లేచి, బావి చుట్టూ వేయించిన కంపను ఒట్టి చేతుల్తో లాగి అవతల పడేశాడు. మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే గాడిదల మీద తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి అడుగున గడ్డపార రాతికి తగిలిన చప్పుడు వినపడింది. ఆ తెల్లరాయి ఎన్ని ముక్కలయిందో నేను తొంగిచూడలేదు.

సుబ్బమ్మ బిందె, చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. మొక్కలకు నీళ్లెందుకని మొగుడు అన్న ఆ రెండు రోజులూ ఆమె మానకుండా పోసిందని మొదళ్లు చూస్తేనే తెలుస్తోంది. నేను ఒక్క చెంబే ముంచుకుని, అన్నిటికంటే వాడిపోయిన మొక్క దగ్గరికి నడిచి, దాని మొదట్లో నిలబడి కాళ్లు కడుక్కున్నాను.

"ఇంకొక చెంబు పోసుకోండి అయ్యవారా. ఆ పక్కదానికీ కావాల," అంది. ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

సీసా

నెల తిరిగాక దేవదానం ఏదో పని మీద నెల్లూరు వచ్చి మా ఇంటికి వచ్చాడు. మేస్త్రీ లెక్క ఒక మట్టు తప్పింది. జల పదో మట్టులో పడింది. ఆ ఆఖరి మట్టు దిగేలోగా మొక్కలు కొన్ని పోయాయి, చాలావరకు నిలిచాయి. మొదట్లో ఉప్పగా ఉండి, తోడేకొద్దీ నీళ్లు తేటపడ్డాయట.

అవ్వ పంపిందని గుడ్డలో చుట్టిన ఒక సీసా ఇచ్చాడు. బావిలో మొదట తోడిన నీళ్లు. అందులో చిటికెడు పసుపు తన చేత్తోనే వేసిందట. అయ్యవారిని దీపం పెట్టి చూడమను, ఈసారి తప్పు చెప్పడులే అని కబురు చేసిందట.

ఇద్దరం లాబొరేటరీకి వెళ్లి తలుపులు మూశాం. సీసా కదిలించి బల్ల మీద నిలబెట్టి దీపం వేశాను. అడుగునుంచి పసుపు పొగలా లేచి, నీళ్లంతా పచ్చగా వెలిగాయి. పూనా రాయిని డబ్బాలోంచి తియ్యబుద్ధి కాలేదు.

"ఉండాది," అన్నాను.